యుద్ధవేళ విశాఖ: ఆట ఆపేది ఎవరు, సభ ఆపేది ఎవరు, ఎన్నిక ఆపేది ఎవరు?

పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ, 2025 మే 7న దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి. విశాఖపట్నంలోనూ సైరన్లు మోగాయి. మర్నాడు ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్‌ను మధ్యలో ఆపేశారు. 9న టోర్నీనే వారం పాటు నిలిపేశారు. అప్పటి నుంచి సరిహద్దులో ఏ చిన్న ఉద్రిక్తత తలెత్తినా నగరంలో అవే ప్రశ్నలు వినిపిస్తున్నాయి. బీచ్‌లో కచేరీ ఉంటుందా? పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టుకోవచ్చా? ఎన్నికలు వాయిదా పడతాయా? పార్టీల సభలకు అనుమతి ఇస్తారా?

వీటన్నిటికీ కలిపి ఒకే జవాబు లేదు. యుద్ధం వచ్చిందని ఒక్కచోట మీట నొక్కితే సినిమా హాలు, డ్యాన్సు వేదిక, ఎన్నికల సభ, పోలింగు అన్నీ ఒకేసారి ఆగిపోయే ఏర్పాటు మన చట్టాల్లో లేదు. ఒక్కోదాన్ని ఆపే అధికారం ఒక్కొక్కరి చేతిలో, ఒక్కో కారణంతో ఉంటుంది. ఆ కారణాలను కలిపేసి మాట్లాడటం వల్లే ఇంత గందరగోళం.

యుద్ధం, ఎమర్జెన్సీ, నిషేధాజ్ఞలు, బ్లాకౌట్: నాలుగూ నాలుగు

యుద్ధం జరగడం వేరు, రాజ్యాంగం ప్రకారం అత్యవసర పరిస్థితి ప్రకటించడం వేరు. 352వ అధికరణం కింద కేంద్ర మంత్రివర్గం లిఖితపూర్వకంగా సిఫారసు చేస్తే రాష్ట్రపతి ఆ ప్రకటన చేస్తారు. నెలలోగా పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో దాన్ని ఆమోదించాలి. చైనా యుద్ధానికి 1962 అక్టోబరు 26న ప్రకటించారు, 1968 జనవరి 10న ఎత్తేశారు. 1965 పాకిస్తాన్ యుద్ధం ఆ ప్రకటన నీడలోనే జరిగిపోయింది. 1971 డిసెంబరు 3న మళ్లీ ప్రకటించారు. 1999 కార్గిల్ యుద్ధానికి ప్రకటించలేదు. 2025 మేలోనూ లేదు. అంటే తుపాకులు మోగినంత మాత్రాన మీ హక్కులు సస్పెండు కావు.

నిషేధాజ్ఞలు స్థానికమైనవి. పాత 144 సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163. నలుగురికి మించి గుమిగూడవద్దనో, ఫలానా చోట సభ పెట్టవద్దనో కార్యనిర్వాహక మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారు ఆజ్ఞ ఇస్తారు. అది రెండు నెలలే చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే మరో ఆరు నెలల వరకు పొడిగించవచ్చు. దీనికి యుద్ధమే అక్కర్లేదు.

బ్లాకౌట్ కేవలం వెలుతురుకు సంబంధించినది. 1968 నాటి పౌర రక్షణ చట్టం దీనికి ఆధారం. దీపాలు ఆర్పమంటే ఆర్పాలి. అంతమాత్రాన సభ చట్టవిరుద్ధమైపోదు. చీకట్లో సభ నడపడం కుదరదు, అంతే.

ఈ తీరానికి వెలుతురు గండం

విశాఖలో రాత్రి కార్యక్రమాల గురించి మాట్లాడేటప్పుడు హైదరాబాదు, విజయవాడ లెక్కలు పనికిరావు. ఇక్కడ ఓడరేవు ఉంది, తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది, రిఫైనరీ ఉంది, విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగా నౌకాదళ స్థావరంలో ఉంది. వీటన్నిటికీ ఎదురుగా సముద్రం.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలని ఒక బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. జనం ఊరు వదిలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగింది. అది వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్ నౌక అప్పటికి ఇక్కడ లేదు. ఘాజీ ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు వేరు. మన నౌకాదళం ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు ఆ ఘనత ఇస్తుంది. పాకిస్తాన్ మాత్రం ఏదో మందుపాతర పేలుడని చెబుతుంది.

మన విషయానికి పనికొచ్చేది ఏమిటంటే, జలాంతర్గామికి తీరంలోని దీపం దారి చూపడంతో ఆగదు. ఒడ్డున వెలుగు ధారాళంగా ఉంటే, దానికీ జలాంతర్గామికీ మధ్య వెళ్లే ఓడ నల్లటి ఆకారంగా స్పష్టంగా కనబడుతుంది. 1942 తొలి నెలల్లో అమెరికా తూర్పు తీర నగరాలు దీపాలు ఆర్పకపోవడంతో జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను ఇలాగే వేటాడాయి. అందుకే బీచ్‌లో ఎల్ఈడీ తెరతో జరిగే కచేరీకి, సిరిపురం గురజాడ కళాక్షేత్రంలో తలుపులు మూసుకుని జరిగే నృత్య ప్రదర్శనకు ఒకే నియమం పెట్టడం అర్థంలేని పని. మొదటిది వెలుతురు సమస్య, రెండోది కేవలం జనసమూహం సమస్య.

సినిమా ఆగలేదు, నిడివి తగ్గింది

రెండో ప్రపంచయుద్ధంలో మన దేశంలో సినిమా హాళ్లను మూయలేదు. దెబ్బ పడింది ముడి ఫిల్ము మీద. అది విదేశాల నుంచి ఓడల్లో రావాలి. ఓడల్లో చోటంతా యుద్ధ సామగ్రికే పోయేది. అందుకని 1942లో ప్రభుత్వం కథాచిత్రాల నిడివిని 11,000 అడుగులకు, ట్రైలర్లను 400 అడుగులకు పరిమితం చేసింది.

35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. ఆ లెక్కన 11,000 అడుగులంటే సుమారు 122 నిమిషాలు. అంతకుముందు మూడు గంటలు నడిచే పౌరాణికానికి 16,000 అడుగులు పట్టేది, అంటే దాదాపు మూడో వంతు కోసేయాలి. ఇన్ని పద్యాలు, ఇన్ని పాటలు పెట్టుకునే తెలుగు సినిమాకు ఇది చిన్న కోత కాదు. 1943లో ముడి ఫిల్ముకు లైసెన్సు విధానం వచ్చింది. అదే ఏడాది ప్రతి ఆటతో పాటు ప్రభుత్వం ఆమోదించిన వార్తాచిత్రాలు 2,000 అడుగుల దాకా వేయాలని ఆదేశించారు. అవి మరో 22 నిమిషాలు. ప్రేక్షకుడు టికెట్టు కొన్నది వినోదానికి, అతని చేతికి అందింది కత్తిరించిన వినోదం, దానికి తోడు యుద్ధ ప్రచారం.

వినోదాన్ని నిషేధించడం కంటే వాడుకోవడమే ప్రభుత్వాలకు లాభమని ఇక్కడ కనబడుతుంది. బ్రిటన్ 1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించిన రోజే థియేటర్లన్నీ మూసి, కొద్ది రోజుల్లోనే తెరవడం మొదలుపెట్టింది.

ఆటా పాటా ప్రచారమూ ఒకే వేదిక మీద

ఎన్నికల సభకు జనాన్ని పిలిచే పని మన దగ్గర ఎప్పుడూ డప్పుదే. ఉత్తరాంధ్రలో అయితే తప్పెటగుళ్లు, థింసా బృందాలు ముందు ఆడతాయి, నాయకుడు తర్వాత వస్తాడు. ఇది కొత్త అలవాటు కాదు. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా రాజకీయ వేదికగా మార్చింది. బుర్రకథ నిర్మాణంలోనే ఆ వీలుంది. కథకుడు తంబురా పట్టి కథ నడిపితే, వంత పాడే ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పిట్టకథగా ఆ రోజు ధరలూ యుద్ధమూ కరువూ అన్నీ చొరబడేవి. ఏది వినోదం, ఏది ప్రచారం అని గీత గీయడం అక్కడ అసాధ్యం.

చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షను, పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సభలను, ఊరేగింపులను నిషేధించడంతో ఆగలేదు. జనాన్ని ఆకర్షించేందుకు సంగీత కచేరీ, నాటకం, మరే వినోద కార్యక్రమమైనా పెట్టి దాని ద్వారా ఎన్నికల విషయం చెప్పడాన్నీ విడిగా నిషేధించింది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఉదాహరణ చూద్దాం. 2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగు మే 13న. విశాఖ నగరంలో సాయంత్రం 6 గంటలకు ముగిసింది కాబట్టి మే 11 సాయంత్రం 6కే ప్రచారం బందు. ఏజెన్సీలోని అరకు, పాడేరుల్లో పోలింగు 4 గంటలకే ముగిసింది కాబట్టి అక్కడ ప్రచారానికి గడువు రెండు గంటల ముందే తీరింది. మే 12న గాజువాకలో ఒక పెళ్లిలో డ్యాన్సు బృందం ఆడితే తప్పు లేదు. అదే బృందం పార్టీ పాటకు, పార్టీ కండువాలతో ఆడితే తప్పు. నృత్యం అదే కావచ్చు, చట్టం చూసేది అది ఎన్నికల విషయాన్ని మోస్తోందా లేదా అన్నదే.

ఖర్చు సంగతి చాలామంది పట్టించుకోరు. సభలో ఆడే బృందం పారితోషికం, మైకుసెట్టు, జనరేటరు అన్నీ జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ప్రకారం అభ్యర్థి ఖాతాలో పడతాయి. పరిమితి మన రాష్ట్రంలో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. వీడియో నిఘా బృందం తీసిన దృశ్యంలో పన్నెండుమంది కళాకారులు కనబడి, అభ్యర్థి లెక్కలో ఆరుగురే ఉంటే, తేడా ఎన్నికల సిబ్బంది విడిగా రాసే షాడో రిజిస్టరులో తేలుతుంది. నోటీసు వచ్చేది అక్కడే.

యుద్ధం వస్తే ఎన్నిక ఆగుతుందా?

దానంతటదే ఆగదు. మన అనుభవం ఇంకా గట్టిగా చెబుతుంది. 1967 సాధారణ ఎన్నికలు 1962 నాటి ఎమర్జెన్సీ అమల్లో ఉండగానే జరిగాయి. అంతకు కొన్ని నెలల ముందు, 1966 నవంబరు 1న, ఉక్కు ఫ్యాక్టరీ కోసం రోడ్డెక్కిన జనం మీద విశాఖలో కాల్పులు జరిగింది కూడా ఆ ఎమర్జెన్సీలోనే. అంటే ఎమర్జెన్సీ పేరు చెప్పినంత మాత్రాన ఈ ఊళ్లో సభలూ ఊరేగింపులూ ఆగలేదు. ఘాజీ మునిగిన మూడు నెలలకే, 1972 మార్చిలో, ఎమర్జెన్సీ ఉండగానే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి ఎన్నికలు జరిగాయి. 1999లో లోక్‌సభ ఏప్రిల్‌లో రద్దయింది, మే నుంచి జూలై వరకు కార్గిల్‌లో యుద్ధం నడిచింది, సెప్టెంబరు-అక్టోబరుల్లో ఓట్లు వేశాం.

మరి ఆపే మార్గమే లేదా? ఉంది. 83వ అధికరణం ప్రకారం ఎమర్జెన్సీ అమల్లో ఉంటే లోక్‌సభ గడువును పార్లమెంటు చట్టం చేసి ఒకసారికి ఏడాది చొప్పున పొడిగించవచ్చు. ఎమర్జెన్సీ ఎత్తేశాక ఆరు నెలలు దాటకూడదు. 172వ అధికరణం అసెంబ్లీలకూ ఇదే వీలిస్తుంది. 1976లో లోక్‌సభ గడువును రెండుసార్లు ఇలా పొడిగించారు. అప్పుడు సరిహద్దులో యుద్ధమేమీ లేదు. ఈ అధికారం గురించి భయపడేవారు ఆ ఉదాహరణనే చూపిస్తారు, అందులో న్యాయముంది.

నగరపాలక సంస్థ విషయం తిరకాసు. 243-యు అధికరణం మున్సిపాలిటీలకు అయిదేళ్లే గడువు అంటుంది. ఎమర్జెన్సీలో పొడిగించే మినహాయింపు అందులో లేనే లేదు. కాగితం మీద విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పాలకవర్గానికి లోక్‌సభ కంటే కచ్చితమైన గడువు! వాస్తవం చూస్తే, 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరితే మళ్లీ ఓటు పడింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ తొమ్మిదేళ్లలో ఏ యుద్ధమూ జరగలేదు. చివరి ఏడాది ఆలస్యానికి మాత్రం కారణం చెప్పుకోదగ్గది. కోవిడ్ వల్ల 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రక్రియను ఆపింది, నామినేషన్లు అయిన దశ నుంచే ఏడాది తర్వాత కొనసాగించింది.

పరదేశాల్లో రెండు దారులూ కనబడతాయి. బ్రిటన్ 1940లో రావాల్సిన ఎన్నికను 1945 దాకా తోసేసింది. దాని పాలనలో ఉన్న మనమూ అంతే: 1937లో ఎన్నికైన మద్రాసు అసెంబ్లీ తర్వాత విశాఖ మళ్లీ ఓటు వేసింది 1946లోనే. అమెరికా 1944లో యుద్ధం మధ్యలోనే అధ్యక్షుణ్ణి ఎన్నుకుంది. ఇజ్రాయెల్ 1973 అక్టోబరు 30న జరగాల్సిన పోలింగును డిసెంబరు 31కి జరిపింది. ఉక్రెయిన్‌లో సైనిక శాసనం ఉండగా ఎన్నికలు పెట్టకూడదని చట్టమే ఉంది. వాయిదా కోరేవారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇళ్లు వదిలిపోయిన జనం, సరిహద్దులో ఉన్న సైనికుల ఓట్లు, పోలింగు కేంద్రాల మీద దాడి భయం, ఇవన్నీ నిజాలే. ఎదుటి వాదన అంతే బలమైనది. యుద్ధం ఎప్పుడు ముగిసిందో చెప్పేది అధికారంలో ఉన్నవారే అయితే, తమ గడువు ఎప్పుడు తీరుతుందో కూడా వారే చెప్పినట్టవుతుంది. విశాఖ లాంటి చోటికి నాకు సరైనదిగా తోచేది ఇజ్రాయెల్ పద్ధతి: వాయిదా వేస్తే కొత్త తేదీ కూడా అప్పుడే చెప్పాలి.

సభకు కాదనే అధికారం ఎంతవరకు?

ఎన్నికల వేళ సభ అనుమతికి ఎన్నికల సంఘం సువిధ పోర్టల్లో కనీసం 48 గంటల ముందు దరఖాస్తు చేయాలి. ముందు వచ్చినవారికి ముందు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు కుదరదు. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం సాంస్కృతిక, మత ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వగలదు. ఎన్నికల సభకు ఆ సడలింపు వర్తించదు.

అనుమతి నిరాకరణకు హద్దు ఏమిటో 2023లో మన రాష్ట్రంలోనే తేలింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో, 2023 జనవరి 1న గుంటూరులో తొక్కిసలాటల్లో 11 మంది చనిపోయారు. జనవరి 2న ప్రభుత్వం 1861 పోలీసు చట్టం ఆధారంగా రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 ఇచ్చింది. మే 12న హైకోర్టు దాన్ని ప్రాథమిక హక్కులకు విరుద్ధమని కొట్టేసింది. మరణాలు నిజం. అయినా ఆ కారణం చూపి టోకుగా గేటు మూయడం చెల్లలేదు.

యుద్ధ ఎమర్జెన్సీ ఉంటే ఈ తీర్పు దారి మారుతుంది. 358వ అధికరణం 19వ అధికరణంలోని సభా స్వేచ్ఛ, వాక్‌స్వేచ్ఛల రక్షణను పక్కన పెడుతుంది. 1978లో 44వ సవరణ రెండు కళ్లేలు వేసింది. యుద్ధం లేదా విదేశీ దురాక్రమణ కారణమైతేనే ఇది వర్తిస్తుంది. ఆంక్ష పెట్టే చట్టం కూడా తాను ఆ ఎమర్జెన్సీకి సంబంధించినదని తనలోనే రాసుకుని ఉండాలి.

రాత్రి సభలో సైరన్ మోగితే

హెచ్చుతగ్గులతో రెండు నిమిషాలు ఊళ పెడితే ప్రమాదం. ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తప్పినట్టు. డీజే బాక్సుల పక్కన నిలబడ్డవాడికి ఈ రెండింటి తేడా కాదు కదా, అసలు సైరనే వినపడదు.

ఒక మైదానం తీసుకుందాం: 100 మీటర్లు, 60 మీటర్లు. 6,000 చదరపు మీటర్లలో వేదిక, బారికేడ్లు, వాహనాల దారి పోగా 4,500 మిగిలిందనుకుందాం. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 9,000 మంది. మూడు మీటర్ల గేట్లు నాలుగు, మొత్తం 12 మీటర్లు. క్రీడా మైదానాలకు వాడే లెక్కలో సమతల దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది పోగలరు. అంటే నిమిషానికి 984 మంది, మొత్తం ఖాళీ కావడానికి 9 నిమిషాల పైన. వీఐపీ కాన్వాయ్ కోసం ఒక గేటు కట్టేస్తే 12 నిమిషాలు దాటుతుంది. ఇది పగటి లెక్క, భయం లేని లెక్క. చీకట్లో దీని మీద ఆశ పెట్టుకోకూడదు. గేటు వైపు పరుగెత్తించే కంటే ఉన్నచోటే కూర్చోబెట్టడం చాలాసార్లు మేలు. అది చెప్పాల్సింది మైకులో ఒకే గొంతు.

ఇంకో లోపం దాదాపు ప్రతి చోటా ఉంటుంది. బ్లాకౌట్‌లో సబ్‌స్టేషన్ నుంచి కరెంటు కట్ చేస్తే వీధి దీపాలు ఆరిపోతాయి. సభ మాత్రం జనరేటర్ మీద నడుస్తుంది కాబట్టి ఊరంతా చీకటిలో ఆ ఒక్క వేదికే వెలుగుతుంది. మెయిన్ స్విచ్ దగ్గర మనిషిని పెట్టాలి. దీపాల లైను, మైకు లైను వేరుగా ఉండాలి. రెండూ ఒకే స్విచ్ మీద ఉంటే దీపాలు ఆర్పిన క్షణమే మైకు కూడా పోతుంది, జనానికి చెప్పే దారే ఉండదు.

జవాన్లు పోరాడుతుంటే ఇక్కడ చిందులా?

ఈ ప్రశ్నలోని బాధ నిజమైనది, నౌకాదళ కుటుంబాలు ఇన్ని ఉన్న ఊళ్లో మరీను. దీనికి తోడు పోలీసుల లెక్క ఉంది. అటు కచేరీకి, ఇటు కీలక కేంద్రాలకు బందోబస్తుకు వెళ్లాల్సింది అదే సిబ్బంది. 2009లో సార్వత్రిక ఎన్నికలకు బలగాలు కావాల్సి వచ్చి ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు తరలిందంటే అదే కారణం. ప్రాణాపాయం సంగతీ ఉంది: లండన్‌లో కెఫే డి పారీ నృత్యశాల నేలమాళిగలో ఉంది, భద్రమని జనం నమ్మారు. 1941 మార్చి 8న బాంబు పడి కనీసం 34 మంది చనిపోయారు.

అటువైపు మైకుసెట్టు కుర్రాడు, షామియానా వేసేవాడు, డప్పు కళాకారుడు రోజు కూలి మీద బతుకుతారు. వారం రోజులు రద్దయితే వారికి ఎవరూ పరిహారం ఇవ్వరు. 1962లో మొదలైన జాతీయ రక్షణ నిధికి విరాళాలు పోగుచేసింది కూడా ఇలాంటి ప్రదర్శనలే. వెలుతురు, జనసంఖ్య, బందోబస్తు ఈ మూడింటిలో ఒకటైనా కుదరకపోతే ఆపాలి. మూడూ కుదిరితే, ఆపాలా వద్దా అన్నది నిర్వాహకుల మనస్సాక్షికి వదలాలి. పోలీసు ఉత్తర్వు దాకా పోకూడదు.

సభలో సైనికుడి ఫొటో

2019 ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వైమానిక దళం దాడి చేసింది. మార్చి 1న విశాఖలో ప్రధాని బహిరంగ సభ జరిగింది. మార్చి 9న ఎన్నికల సంఘం, రక్షణ సిబ్బంది ఫొటోలను ప్రచారంలో వాడవద్దని 2013 నాటి ఆదేశాన్ని గుర్తుచేసింది. 10న షెడ్యూలు వచ్చి ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లోకి వచ్చింది. 19న, సైనిక దళాల కార్యకలాపాలను రాజకీయ ప్రచారంలోకి లాగవద్దని మరోసారి చెప్పింది. ఏప్రిల్ 11న ఇక్కడ పోలింగు.

ఈ తేదీల వరుస ముఖ్యం. కోడ్‌కు ముందు జరిగిన సభను కోడ్‌తో కొలవలేం. కోడ్ వచ్చాక, ఎన్ఏడీ కూడలిలో యూనిఫారంలో ఉన్న అధికారి ఫొటోతో అభ్యర్థి ఫ్లెక్సీ కడితే తొలగిస్తారు, దాని ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలో రాస్తారు. రక్షణ బడ్జెట్ పెంచాలనో, నౌకాదళ నిర్వాసితులకు పరిహారం ఇవ్వాలనో అదే అభ్యర్థి వేదిక మీద మాట్లాడితే ఆ ఆదేశాలు అడ్డురావు. ఈ రెండింటి మధ్య పడే ప్రసంగాల మీదే ఫిర్యాదులు ఎక్కువ. వాటిని తేల్చేది వీడియో రికార్డు, అందులో వాడిన మాట, అన్న తేదీ.